ఎక్స్‌పోకి పదహారు రోజులు: కొన్న డబ్బా పెట్టాలా, ఆగిపోయే మోటారు పెట్టాలా?

బెంగళూరులో ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో ఈసీఈ ఆఖరి ఏడాది చదువుతున్న అమ్మాయి రాసిన ఉత్తరం ఇది. సొంతూరు హిందూపురం పక్కన పల్లె. నాన్నకు మూడెకరాల ఎర్రనేల, ఒక బోరు. ఏటా శనక్కాయే వేస్తారు. నలుగురు కలిసి ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుగా నేలలో తేమ చూసి డ్రిప్పు మోటారును దానంతటదే ఆన్, ఆఫ్ చేసే పరికరం మొదలుపెట్టారు. దాన్ని కాలేజీ ఎక్స్‌పోలో, అంటే ప్రాజెక్టుల ప్రదర్శనలో, పెట్టాలి. ఆలోచన ఈమెది. సర్క్యూటు, సెన్సర్ పని కూడా ఈమే చేసింది. కంప్యూటర్‌లో కనిపించే డాష్‌బోర్డు మైసూరు అబ్బాయి రాశాడు. పీజీ హాస్టల్లో ఈమెతో ఒకే గదిలో ఉండే అమ్మాయి రిపోర్టు టైపు చేసింది. నాలుగో అబ్బాయికి క్యాంపస్‌లో ఉద్యోగం వచ్చేసింది, ఇంగ్లీషు గడగడా మాట్లాడతాడు. నవంబరు తర్వాత ల్యాబ్‌లో కనిపించలేదు.

రెండో రివ్యూలో పరికరం పరువు తీసింది. పంపు ఆన్ అవగానే పరికరాన్ని నడిపే బోర్డు రీస్టార్టయింది. వైఫై పెట్టాక సెన్సర్ అంకె ఒకే చోట బిగుసుకుపోయింది. దాంతో నాలుగో అబ్బాయి రెండు దారులు చెప్పాడు. ఒకటి, ప్రాజెక్టులు అమ్మే ఒక సెంటర్‌లో పద్దెనిమిది వేలకు ఇదే పరికరం రెడీగా దొరుకుతుంది, తలా నాలుగున్నర వేలు వేసుకుందాం. రెండు, పాత రీడింగులనే డాష్‌బోర్డులో లైవ్‌లాగా తిప్పుదాం. గైడ్ సార్‌కు ఈ మాటలు తెలియవు. ఆయన మాత్రం, "స్టాల్ దగ్గర అతనే మాట్లాడతాడు, నువ్వు వెనక వైరింగ్ చూసుకో" అన్నారట. కంపెనీలవాళ్లు ఐడియా కొట్టేస్తారు, సర్క్యూట్ చూపించొద్దని కూడా ఒకరి మాట.

నాన్న ఎక్స్‌పో చూడటానికి వస్తానంటున్నారు. "ఆయన పంచెకట్టుతో వచ్చి ముందు నిలబడితే, నేను వెనక వైర్లు పట్టుకుని ఉంటాను. నాలుగున్నర వేలు అడిగితే ఇస్తారు, కానీ ఎందుకో చెప్పలేను" అని ఈమె రాసింది. చేతిలో ఉన్నవి పదహారు రోజులు. డబ్బు కట్టి ఊరుకోవాలా, సార్‌కు చెప్పాలా, విడిపోయి తనదే పెట్టుకోవాలా? ఇదీ ప్రశ్న.

సమాధానం:

మనుషుల సంగతికి ముందు బోర్డు సంగతి చూద్దాం. "ఇది పనిచేయదు" అన్న నమ్మకం మీదే ఆ పద్దెనిమిది వేల మాట నిలబడి ఉంది. మీరు రాసిన వివరాలను బట్టి, పనిచేయకపోవడానికి కారణం ఒకటి కాదు. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు చిన్న లోపాలు ఒకే రోజు బయటపడి ఒక పెద్ద లోపంలా కనిపించాయి.

మొదటిది సెన్సర్ బిగుసుకుపోవడం. సెన్సర్‌ను 27వ పిన్నుకు కలిపానని రాశారు. మీరు వాడిన ఈఎస్‌పీ32 అనే వైఫై బోర్డులో అనలాగ్ రీడింగు తీసే, అంటే సెన్సర్ వోల్టేజిని అంకెగా మార్చే, భాగాలు రెండున్నాయి. అందులో రెండోదాన్ని వైఫై వాడుకుంటుంది. 0, 2, 4, 12 నుంచి 15 వరకు, 25, 26, 27 పిన్నులన్నీ ఆ రెండో భాగానివే, కాబట్టి వైఫై నడుస్తున్నప్పుడు వాటి మీద సెన్సర్ రీడింగు తీయలేరు. ల్యాబ్‌లో వైఫై లేకుండా పరీక్షించినన్ని రోజులూ అంతా బాగున్నట్టే ఉంటుంది. వైరు తీసి 32 నుంచి 39 లోపు పిన్నుల్లో ఒకదానికి, ఉదాహరణకు 34కు పెట్టండి. ప్రోగ్రాంలో పిన్ను అంకె మార్చండి. అంతే, ఇది పావుగంట పని.

రెండోది రీస్టార్టు. ఒకే 12 వోల్టుల 2 ఆంపియర్ల అడాప్టర్ మీద పంపు, 12 వోల్టులను 5కు దించే బక్ కన్వర్టర్, బోర్డు, పంపుకు స్విచ్చులా పనిచేసే రిలే అన్నీ నడుస్తున్నాయి. మోటారు కదలడం మొదలైన క్షణంలో, నడిచేటప్పుడు లాగే కరెంటుకు ఎన్నో రెట్లు లాగుతుంది. ఆ కాసేపు అడాప్టర్ వోల్టేజి కుంగుతుంది, దాని వెనకే బోర్డుదీ కుంగుతుంది, బోర్డు తనను తాను కాపాడుకోవడానికి ఆగి మళ్లీ మొదలవుతుంది. మల్టీమీటర్ పెట్టి చూస్తే ఇదేమీ కనపడదు, ఆ కుంగుబాటు మీటరు అందుకునేలోపే అయిపోతుంది. ల్యాబ్‌లో ఆసిలోస్కోప్ ఉంటే దాని మీద చూడండి. ఇంకా సులువైన పరీక్ష ఒకటుంది. బక్ నుంచి బోర్డుకు వెళ్లే 5 వోల్టుల వైరు ఊడదీసి, బోర్డును ల్యాప్‌టాప్ యూఎస్‌బీ మీద నడుపుతూ పంపు ఆన్ చేయండి. రీస్టార్టు ఆగిపోతే దోషం సప్లైదే. అప్పటికీ ఆగకపోతే, బోర్డు పంపే సందేశాలు ల్యాప్‌టాప్‌లో కనిపించే సీరియల్ మానిటర్ చూడండి. "గురు మెడిటేషన్ ఎర్రర్" అని వస్తే తప్పు ప్రోగ్రాంలో ఉంది. ప్రోగ్రాం మొదట్లో రీసెట్ కారణాన్ని అడిగి వెబ్‌పేజీలో చూపించే లైను ఒకటి పెట్టుకుంటే ఎక్స్‌పో రోజు కూడా పనికొస్తుంది.

సప్లైదే అని తేలితే రెండు మార్గాలున్నాయి. బోర్డుకు, రిలేకు కలిపి ఒక 5 వోల్టుల ఫోన్ చార్జర్, పంపుకు మాత్రమే 12 వోల్టుల అడాప్టర్ ఇవ్వడం ఒక మార్గం. మధ్యలో రిలే ఉంది కనక రెండింటి గ్రౌండ్లు (మైనస్ వైర్లు) కలపక్కర్లేదు. నమ్మకమైన దారి ఇదే, కాకపోతే స్టాల్ దగ్గర రెండు ప్లగ్గులు కావాలి. చార్జర్ బదులు పవర్‌బ్యాంక్ పెట్టాలనుకుంటే ముందు గంటసేపు వదిలి చూడండి. లోడు తక్కువైతే కొన్ని పవర్‌బ్యాంకులు వాటంతటవే ఆఫ్ అయిపోతాయి.

ఒకే అడాప్టర్ ఉంచుకునే మార్గం ఇంకొకటి. అడాప్టర్ ప్లస్‌కు, బక్ కన్వర్టర్ ఇన్‌పుట్‌కు మధ్య, కరెంటును ఒకవైపే పోనిచ్చే 1ఎన్5822 డయోడు పెట్టండి, గీత ఉన్న కొస బక్ వైపు ఉండాలి. డయోడు తర్వాత, బక్ ఇన్‌పుట్ దగ్గరే 2200 మైక్రోఫారడ్, 25 వోల్టుల కెపాసిటర్. పంపు వైరు డయోడుకు ముందే విడిపోవాలి. అప్పుడు పంపు ఎంత గుంజినా కెపాసిటర్‌లో ఉన్నది వెనక్కి పోదు, బోర్డును ఇంచుమించు యాభై అరవై మిల్లీసెకన్లు నిలబెడుతుంది. చాలాసార్లు అది సరిపోతుంది. కానీ పంపు ఆన్ అయినప్పుడు అడాప్టర్ లైటే మినుకుమంటుంటే అది ఓవర్‌లోడై తనంతట తాను ఆగుతోందని అర్థం, అప్పుడు కెపాసిటర్‌తో పని జరగదు, 5 ఆంపియర్ల అడాప్టర్ కావాలి. ఏ మార్గమైనా పంపు రెండు తీగల మధ్య 1ఎన్4007 డయోడు, గీత ప్లస్ వైపు, తప్పనిసరి. కెపాసిటర్ మైనస్ గీత చూసి పెట్టండి, తిరగేస్తే పేలుతుంది.

తర్వాత వైర్లు గుచ్చే బ్రెడ్‌బోర్డు మీద నుంచి, రంధ్రాలుండే జీరో పీసీబీ మీదకు మార్చి టంకం వేయండి. పీజీ నుంచి కాలేజీకి ఆటోలో వెళ్లే దారిలో స్పీడ్‌బ్రేకర్లు ఎన్ని ఉన్నాయో మీకే తెలుసు. జంపర్ వైరు ఒకటి సగం ఊడితే ఏది ఊడిందో హాల్లో వెతికే టైముండదు. సామాన్లకు, ఎలక్ట్రానిక్స్ షాపులుండే ఎస్‌పీ రోడ్డుకు వెళ్లేదుంటే ఆదివారం వద్దు, చాలా షాపులు మూసి ఉంటాయి. చిక్‌పేట మెట్రోలో దిగితే నడిచే దూరమే. అడాప్టర్ మార్చనక్కర్లేకపోతే మొత్తం ఖర్చు ఐదారు వందల్లో తేలుతుంది. టంకం అయ్యాక పంపును యాభైసార్లు ఆన్, ఆఫ్ చేయండి, ఎన్నిసార్లు రీస్టార్టయిందో కాగితం మీద రాయండి. సున్నా వస్తే ఆ కాగితాన్ని పోస్టర్‌లోకి ఎక్కించండి.

అసలు కష్టం ఇంకొకచోట ఉంది. దాన్ని మీరు కష్టంగా గుర్తించనే లేదు. సెన్సర్ గాలిలో 2580, నీళ్లలో 1120 చూపించిందని, ఆ రెండింటినీ సున్నా, నూరు అనుకుని డాష్‌బోర్డు శాతం చూపిస్తుందని రాశారు. రివ్యూ రోజు కుండీలో "62 శాతం తేమ" వచ్చిందట. నేల తెలిసిన ఎగ్జామినర్ ఎవరైనా అక్కడే పట్టుకుంటారు. మట్టిలో ఖాళీలన్నీ నీటితో నిండినా, మీ ఎర్రగరపలో నీళ్లుండగల జాగా మొత్తం ఘనపరిమాణంలో సగానికి తక్కువే. అరవై రెండు శాతం తేమంటే అది బురదనీళ్లు. మీ డాష్‌బోర్డు చూపిస్తున్నది తేమ శాతం కాదు, సెన్సర్ గాలికీ నీటికీ మధ్య ఎక్కడ ఉందో చెప్పే అంకె. సాగునీటి పరికరాలు ప్రతి ఏటా ప్రతి కాలేజీ హాల్లో నాలుగైదు ఉంటాయి, వాటిలో చాలావాటిది ఇదే తప్పు. కొనబోయే డబ్బా కూడా మీ మట్టిని ఎరగదు కనక, దానిలోనూ ఇదే తప్పు ఉండే అవకాశం ఎక్కువ.

దీన్ని సరిచేస్తే మీ ప్రాజెక్టు ఆ నాలుగైదింటిలోంచి పక్కకు వస్తుంది. చేసే విధానం ఇదీ. మీ చేను మట్టి నాలుగైదు కిలోలు తెప్పించుకోండి. కాలేజీ కుండీల్లోని కొబ్బరిపొట్టు కలిపిన మట్టి ఇందుకు పనికిరాదు, అందులో సెన్సర్ వేరేగా చదువుతుంది. సివిల్ వాళ్ల సాయిల్ ల్యాబ్‌లో ఓవెన్ ఉంటుంది. అక్కడ 105 నుంచి 110 డిగ్రీల దగ్గర ఒక పగలూ రాత్రీ ఆరబెట్టండి. మట్టి పరీక్షల భారతీయ ప్రమాణం ఐఎస్ 2720 రెండో భాగం చెప్పేది ఇదే వేడి, ఆ పేరు చెబితే ల్యాబ్ ఇన్‌స్ట్రక్టరుకు వెంటనే అర్థమవుతుంది. ఆరిన మట్టిని గడ్డల్లేకుండా చిదిమి, ఒకే సైజు ఐదు ప్లాస్టిక్ డబ్బాలకు అర కిలో చొప్పున తూచండి. ఒకదానిలో నీళ్లు వద్దు. మిగతావాటిలో 25, 50, 75, 100 మిల్లీలీటర్లు పోసి చేత్తో బాగా కలపండి. బరువు లెక్కన అవి 0, 5, 10, 15, 20 శాతాలు. మూతలు బిగించి రాత్రంతా ఉంచితే తేమ అంతటా సమంగా సర్దుకుంటుంది.

పొద్దున ప్రతి డబ్బాను బల్ల మీద లెక్కపెట్టి ఇరవైసార్లు తట్టి మట్టిని ఒకేలా కుదించండి. సెన్సర్‌ను దాని మీదున్న గీత వరకు గుచ్చి, నిమిషం ఆగి, పది రీడింగుల సగటు తీయండి. బ్లేడుకూ మట్టికీ మధ్య గాలి సందు ఉంటే తడి మట్టి కూడా పొడిగా కనిపిస్తుంది, ఎక్కువ మంది పొరపాటు పడేది ఇక్కడే. రెండు మూడుసార్లు తీసి గుచ్చి చూడండి, అంకె ఎంత మారుతుందో అది కూడా రాసుకోండి. ఐదు డబ్బాల ఐదు అంకెలతో గ్రాఫు గీస్తే అది సరళరేఖగా రాదు. తడి వైపు వంగి చదునవుతుంది. రానివ్వండి, ప్రోగ్రాంలో ఆ ఐదు బిందువుల పట్టికే పెట్టి మధ్యవాటిని లెక్కగట్టండి. సెన్సర్ పై అంచులు, చిప్పులున్న భాగం ఎపాక్సీతోనో, అది లేకపోతే రెండు పూతలు నెయిల్‌పాలిష్‌తోనో కప్పండి. అంచుల్లోంచి నీరు పీల్చుకుంటే నాలుగు రోజుల్లో అంకెలు జరిగిపోతాయి. పూత వేశాకే ఈ డబ్బాల కొలత, అంటే కాలిబ్రేషన్, చేయండి, ముందు చేస్తే మళ్లీ చేయాలి.

ఇదంతా చేయడానికి తీరిక చేసుకుంటే ఆరేడు రోజులు. పదహారులో తొమ్మిది మిగులుతాయి.

ఇప్పుడు కొన్న డబ్బా విషయం. నైతికంగా తప్పని మీకు ఎవరూ చెప్పక్కర్లేదు, ఉత్తరం నిండా ఆ ఇబ్బందే ఉంది. నేను చెప్పేది దాని వెనక వచ్చే చిక్కుల గురించి. ఎక్స్‌పో అయిపోయినా వైవా, అంటే నోటి పరీక్ష, మిగిలే ఉంటుంది. బయటి ఎగ్జామినర్ ఒక్కొక్కరినీ విడిగా అడుగుతారు. "ఈ హద్దు 12 నుంచి 10కి మార్చి మళ్లీ లోడ్ చేసి చూపించు" అంటే (తేమ ఎంతకు తగ్గితే మోటారు ఆన్ అవాలో చెప్పే అంకే హద్దు), సోర్సు కోడు లేకుండా అమ్మిన డబ్బా దగ్గర నలుగురూ ముఖాలు చూసుకోవాలి. మీ రిపోర్టులోని సర్క్యూటుకు, బల్ల మీది సర్క్యూటుకు పొంతన ఉండదు, ఉండాలంటే రిపోర్టు మళ్లీ రాయాలి. అదే డబ్బా అదే సెంటర్‌లో ఇంకెన్ని టీములు కొన్నాయో తెలీదు. మీ కాలేజీలోనే పక్క సెక్షన్ స్టాల్‌లో దాని కవల కనిపించొచ్చు. మీ ప్రాజెక్టుకు కేఎస్‌సీఎస్‌టీ (కర్ణాటక రాష్ట్ర సైన్స్, టెక్నాలజీ మండలి) నుంచి సాయం వచ్చిందో లేదో మీరు రాయలేదు. వచ్చి ఉంటే మాత్రం ఈ దారి తొక్కనే వద్దు, అక్కడ సమాధానం చెప్పుకోవాల్సింది మీ సార్, మీ కాలేజీ కూడా.

పాత రీడింగుల విషయంలో మీరు అనవసరంగా ఎక్కువ భయపడుతున్నారు. రికార్డు చేసిన డేటా చూపించడం తప్పు కాదు, దాన్ని లైవ్ అని చెప్పడమే తప్పు. "ఫలానా తేదీల్లో చేనులో నమోదైన రీడింగులు" అని పైన పెద్దక్షరాలతో రాసి నడపండి. నిజానికి ఐదు నిమిషాల లైవ్ కంటే వారం రోజుల రికార్డే ఎక్కువ చెబుతుంది. పరికరం చక్కగా పనిచేస్తున్న రోజున రెండు నిమిషాల వీడియో కూడా తీసి ల్యాప్‌టాప్‌లో ఉంచుకోండి. ఆ అబ్బాయి సూచనను మొత్తంగా తోసిపుచ్చకుండా, "మంచి మాటే, తేదీలు రాసి పెడదాం" అనొచ్చు. అతనికీ తలదించుకునే పని ఉండదు.

సార్‌కు చెప్పాలా అన్నారు. ఇక్కడ మీకు మూడు దార్లున్నాయి, మూడింటికీ ఖరీదు ఉంది.

ముందు నలుగురిలోనే మాట్లాడుకోవచ్చు. బోర్డు బాగుచేసి, యాభైసార్ల పరీక్ష కాగితం చేతిలో పట్టుకుని మాట్లాడండి, అంతకు ముందు వద్దు. "నేను నాలుగున్నర వేలు వేయలేను" అని మొదలుపెడితే మాట డబ్బు మీదకు పోతుంది. "ఇది నడుస్తోంది, చూడండి" అని మొదలుపెడితే డబ్బాను కొనాల్సిన కారణమే ఉండదు. డాష్‌బోర్డు రాసిన మైసూరు అబ్బాయి కష్టం కూడా ఆ డబ్బాతో మట్టిలో కలిసిపోతుందన్న సంగతి అతనికి తట్టిందో లేదో. ముందు అతనితో మాట్లాడండి. మీ రూమ్మేట్ ఎటూ చెప్పలేక మధ్యలో ఉండిపోయినట్టుంది, ఆమెను పక్షం తేల్చుకోమని బలవంతపెట్టకండి. ఒకే గదిలో పడుకుని లేవాలి.

అయినా వాళ్లు కొంటామనే అంటే సార్ దగ్గరకు వెళ్లొచ్చు. మనుషుల మీద ఫిర్యాదుగా కాకుండా పని లెక్కతో వెళ్లండి. ఒక పేజీ చాలు: తేదీ, పని, చేసిన వాళ్ల పేరు. ల్యాబ్ రిజిస్టరు సంతకాలు, సామాన్ల బిల్లులు, కోడు మార్పుల చరిత్ర దానికి ఆధారం. "సార్, ఇదీ ఇప్పటి స్థితి, మాది మేం పెడతాం, మీరొకసారి చూడండి" అనండి. డబ్బా మాట ఎత్తాలా వద్దా అన్నది మీ ఇష్టం. ఎత్తితే సార్ ఆపుతారు, కానీ వైవా దాకా టీములో ముఖాలు మాడి ఉంటాయి. ఎత్తకపోతే స్నేహం నిలుస్తుంది, కానీ వాళ్లు చివరి నిమిషంలో డబ్బా పట్టుకొస్తే మీరూ అందులో భాగమే అవుతారు.

మూడో దారి, విడిపోయి ఒక్కరే పెట్టుకోవడం. టీము పేర్లు, టైటిల్ ఎప్పుడో నమోదైపోయి ఉంటాయి, పదహారు రోజుల ముందు మార్చడానికి డిపార్టుమెంటు ఒప్పుకోవడం కష్టం. ఒప్పుకున్నా డాష్‌బోర్డు మీరే మళ్లీ రాసుకోవాలి. నా మటుకు ఈ దారి ఖరీదు ఎక్కువే అనిపిస్తుంది. కానీ మొదటి రెండూ మూసుకుపోతే ఇదొకటి ఉందని గుర్తుంచుకోండి.

ఎవరు మాట్లాడాలి అన్నదానికి సార్ నిర్ణయంలో సగం న్యాయం ఉంది. హాల్లో గోల, జడ్జీలు స్టాల్ దగ్గర నిలబడేది కొద్ది నిమిషాలే, మొదటి వాక్యం తడబడితే వాళ్ల చూపు పక్క స్టాల్ మీదకు పోతుంది. ఆ అబ్బాయిని మొదటి నిమిషం మాట్లాడనివ్వండి: సమస్య ఏమిటి, పరికరం ఏం చేస్తుంది. ఆ తర్వాత బల్లనే పంచండి. ఎడమ వైపు ఐదు మట్టి డబ్బాలు, గ్రాఫు: అక్కడ మీరు. మధ్యలో బోర్డు, పంపు: అక్కడా మీరే. కుడి వైపు డాష్‌బోర్డు: మైసూరు అబ్బాయి. ఖర్చుల పట్టిక, రిపోర్టు: మీ రూమ్మేట్. ఏ వస్తువు దగ్గర నిలబడిన మనిషే దాని గురించి చెప్పాలి. సార్‌తో "నేను మాట్లాడతాను" అంటే అది వాదన అవుతుంది, "సార్, టెక్నికల్ ప్రశ్నలు వస్తే అతనికి ఇబ్బంది, ఆ భాగం నేను చెబుతాను" అంటే ఆయనకే ఊరట.

మీ ఇంగ్లీషు గురించి భయపడ్డారు. మీకు కావలసింది ఆరు వాక్యాలు. మట్టి ఎక్కడిది, ఎలా ఆరబెట్టాం, ఐదు డబ్బాల్లో ఎంత నీరు, గ్రాఫు ఎందుకు వంగింది, హద్దు ఎంత పెట్టాం, ఆ హద్దు ఎందుకు. రాసుకుని గోడ ముందు కాదు, డబ్బాల ముందు నిలబడి, ఒక్కో వాక్యానికి ఒక్కో డబ్బా ముట్టుకుంటూ చెప్పండి. చేతిలో వస్తువుంటే మాట తడబడటం తగ్గుతుంది. ఆఖరి ప్రశ్నకు జవాబు మీ దగ్గరే ఉంది: శనక్కాయకు పూత, ఊడలు దిగే దశ, కాయ ఊరే దశల్లో నీటి ఎద్దడి వస్తే దిగుబడి పోతుంది, అందుకే ఆ రోజుల్లో హద్దు పైకి జరపాలి. ఈ మాట ఆ హాల్లో ఇంకెవరూ చెప్పరు.

ఐడియా దొంగతనం భయం గురించి క్లుప్తంగా. తేమను చూసి మోటారు తిప్పడం పాత ఆలోచనే, దాచాల్సింది ఏమీ లేదు. నిజంగా కొత్తది ఏదైనా ఉంటే మాత్రం ప్రదర్శించక ముందే ప్రొవిజనల్ (తాత్కాలిక) పేటెంటు దరఖాస్తు వేయాలి. ఆన్‌లైన్‌లో వ్యక్తులకు ఫీజు 1,600 రూపాయలు, పూర్తి దరఖాస్తుకు 12 నెలల గడువు. ప్రదర్శించాక కూడా వేయొచ్చన్న వెసులుబాటు పేటెంట్ల చట్టం 31వ సెక్షన్‌లో ఉన్నా, అది కేంద్రం గెజిట్‌లో నోటిఫై చేసిన ఎగ్జిబిషన్లకే. కాలేజీ ఎక్స్‌పో అందులోకి రాదు.

హాలు గురించి రెండు ముక్కలు. కాలేజీ వైఫైని నమ్ముకోవద్దు. లాగిన్ పేజీ అడిగే నెట్‌వర్కులోకి వెళ్లడం మీ బోర్డుకు కుదరదు. ఫోన్ హాట్‌స్పాట్ వాడితే అది 2.4 గిగాహెర్ట్జ్‌లో ఉండాలి, ఈఎస్‌పీ32కు వేరే బ్యాండు తెలియదు. ఐఫోన్ అయితే "మ్యాక్సిమైజ్ కంపాటిబిలిటీ" ఆన్ చేయాలి. అన్నిటికంటే మేలైనది బోర్డునే యాక్సెస్ పాయింటుగా, అంటే సొంత వైఫై ఇచ్చేదిగా, పెట్టి, ల్యాప్‌టాప్‌ను నేరుగా దానికే కలిపి 192.168.4.1లో పేజీ తెరవడం. ఇంటర్నెట్ అక్కర్లేదు. అయినా హాల్లో వంద హాట్‌స్పాట్లు ఒకేచోట మోగుతుంటే అదీ తడబడొచ్చు, అందుకే మంచి యూఎస్‌బీ కేబుల్ ఒకటి సిద్ధంగా ఉంచి సీరియల్‌లో అంకెలు చూపించే ఏర్పాటు చేసుకోండి. చార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే కేబుల్ కాదని ముందే చూసుకోండి. స్టాల్‌కు ఎన్ని ప్లగ్ పాయింట్లు ఇస్తారో ఈ వారమే అడగండి, ఐదు మీటర్ల ఎక్స్‌టెన్షన్ బోర్డు మీది మీరు తెచ్చుకోండి. నీళ్ల సీసా, పంపు లోతైన ట్రేలో, కరెంటు వైర్లు దానికంటే ఎత్తులో ఉండాలి. అదే ప్రోగ్రాం ఎక్కించిన రెండో బోర్డు సంచిలో ఉంచండి. ఎక్స్‌పోకు రెండు రోజుల ముందు నుంచి కోడు ఎవరూ ముట్టుకోకూడదు, మైసూరు అబ్బాయికి ఎంత మంచి ఆలోచన వచ్చినా సరే.

ఇక నాన్నగారు. రావద్దని చెప్పొచ్చు, పరీక్షల పేరు చెబితే నమ్ముతారు. కానీ తర్వాత ఫోటోలు చూసి అడుగుతారు, "నువ్వేడ ఉండావు ఇందులో" అని. రమ్మని, దూరంగా కుర్చీలో కూర్చోబెట్టొచ్చు. అదీ జరుగుతూనే ఉంటుంది, చాలామంది తల్లిదండ్రులు అలాగే కూర్చుని సమోసా తిని వెళ్తారు. మూడో పద్ధతి ఒకటి చెబుతాను, ఆయన ఒప్పుకుంటేనే.

ఎక్స్‌పో ముందురోజు సాయంత్రం వచ్చేలా రమ్మనండి. ఐదు డబ్బాల మీద అంకెలు కప్పేసి, వరస మార్చి ఆయన ముందు పెట్టండి. పిడికిలిలో మట్టి పట్టి నొక్కి, పదును చూసి, దేనికి నీళ్లు పెడతారో, దేనికి పెట్టరో చెప్పమనండి. పొడిగా రాలేది, ముద్దకట్టి వేలితో పొడిస్తే విరిగేది, చేతికి తడి అంటేది, ఈ తేడాలు ఆయన చేతికి తెలుసు. ఆయన చెప్పింది ఒక వరసలో, సెన్సర్ చెప్పింది పక్క వరసలో రాయండి. రెండూ కలిస్తే మీ హద్దు ఎక్కడ పెట్టాలో ఒక రైతు చేయి చెప్పిన సాక్ష్యం ఉన్నట్టే. ఎక్కడైనా కలవకపోతే ఆ డబ్బా గురించే జడ్జీలకు చెప్పండి, వాళ్లు ఎక్కువసేపు నిలబడేది అక్కడే. పోస్టర్ అప్పటికే ప్రింటయి ఉంటుంది కాబట్టి ఆ పట్టికను విడిగా ఒక ఏ4 కాగితం మీద తీసి డబ్బాల పక్కన అంటించండి. జడ్జీల ముందు ఆయన చేత ఆ పని మళ్లీ చేయించొద్దు, అది ఆయనను ఆటవస్తువును చేసినట్టుంటుంది. ఆయనంతట ఆయన ముందుకొచ్చి డబ్బాలో చెయ్యి పెడితే మాత్రం ఆపకండి. పంచెకట్టు గురించి ఇబ్బంది పడ్డది మీరు, ఆయన కాదు. మీ పరికరాన్ని రేపు నిజంగా వాడే మనిషి ఎలా ఉంటాడో ఆ హాల్లో అందరికీ తెలియడంలో నష్టమేమీ లేదు.

ఇవాళ రాత్రే ఆయనకు ఫోన్ చేయండి. మట్టి రావడానికి రెండు రోజులు, ఓవెన్ దొరకడానికి ఒక రోజు, ఆరడానికి ఇంకొకటి పడుతుంది. నాలుగైదు కిలోలు చాలు. మొన్న నీళ్లు పెట్టిన సాలు గట్టున కాకుండా, చేను మధ్యలో మూడు నాలుగు చోట్ల, పైమట్టి తీసేసి జానెడు లోతు నుంచి తవ్వమనండి. మీరు సెన్సర్ గుచ్చబోయేది ఆ లోతులోనే. రాళ్లు ఏరేసి రెండు కవర్లలో కట్టి, బెంగళూరు బస్సెక్కే ఊరివాళ్ల చేతికిస్తే సరి.